అద్దెకు ఆత్మీయులు

ఈ లోకంలో అడగకపోయినా మన మేలు కోరేవాళ్ళు ఇద్దరే ఇద్దరు. ఒకరు పైనున్న దేవుడు. రెండోవారు మనకు మార్కెటింగ్ మెయిళ్ళు పంపేవాళ్ళు. పొమ్మన్నా పోనివాళ్ళూ వీళ్ళిద్దరే!

నవ్వకండి. నేను సీరియస్‌గానే చెబుతున్నాను.

నా పుట్టినరోజు కట్టుకున్న భార్యకు గుర్తుండదు. ఎప్పుడో ఒక్కసారి కళ్ళజోడు కొన్న షాపు మాత్రం మరిచిపోదు. "ప్రియమైన మీకు" అని మొదలుపెడుతుంది. నన్ను ప్రియమైన అని ఇంకెవరన్నారు? మా అమ్మ కూడా "ఒరేయ్" అనే అనేది. జుట్టు రాలిపోతోందని నేను ఎవరికీ చెప్పుకోలేదు. తలనూనె కంపెనీవాళ్ళు తమంతట తామే కనిపెట్టి ఓదార్చారు. ఎంత ఆప్యాయత! ఇలాంటి ఉత్తరాలను తెరవకుండానే చెత్తబుట్టలో వేసేవాళ్ళకు రాత్రి నిద్రెలా పడుతుందో నాకు తెలియదు.

అందుకే మా ఆవిడ కొట్టు మూతపడే పరిస్థితి వచ్చినప్పుడు నాకు ముందుగా తట్టింది ఈ మార్గమే.

మా ఆవిడది జిప్పులు బాగుచేసే కొట్టు. సూట్‌కేసులు, బడిపిల్లల బ్యాగులు, చలికోట్లు, జిప్పు పాడైన ప్రతిదీ ఆవిడ మిషన్ కింద దూరి బతికి బయటపడుతుంది. మా ఇంటి మెట్ల కింద చిన్న గది, ఒక షట్టరు, పైన ఒక రేకు బోర్డు. కొన్నాళ్ళుగా బేరాలు తగ్గాయి. "ఈ నెలాఖరు దాకా చూస్తానండీ. తర్వాత మిషన్ మా చెల్లెలికి ఇచ్చేసి ఇంట్లో కూర్చుంటాను" అంది. తేలిగ్గానే అంది. కానీ అంటూ అంటూ మిషన్ మీద లేని దుమ్ము తుడిచింది. అది చూశాక నాకు ముద్ద దిగలేదు.

మా బావమరిదికి కబురు పెట్టాను. అతగాడు ఆన్‌లైన్ మార్కెటింగ్‌లో పని చేస్తాడు. ఏం పనో వాళ్ళావిడకు కూడా స్పష్టంగా తెలియదు.

"ఏ కాలంలో ఉన్నావు బావా? కస్టమర్లు వీధిలో దొరకరు, లిస్టులో దొరుకుతారు. యాభై వేల మెయిల్ అడ్రసులు!"

"అన్నీ కొనాలా?"

"కొనక్కర్లేదు, అద్దెకు తీసుకుందాం."

"ఏదీ, ఒకసారి చూపించు."

"మనకు చూపించరు. మన ఉత్తరం వాళ్ళకిస్తే వాళ్ళే పంపుతారు."

"మరి ఎవరికి వెళ్ళిందో?"

"తెలియదు."

"చేరిందో లేదో?"

"నమ్మాలి బావా."

నాకు ఒళ్ళు పులకరించింది. కంటికి కనపడనివాడికి, చేరిందో లేదో తెలియని విన్నపం! రోజూ పొద్దున్నే కళ్ళు మూసుకుని నేను చేసే పని అదే కదా! ప్రార్థనలో ఇన్నేళ్ళ అనుభవం ఉన్నవాడికి ఈమెయిల్ మార్కెటింగ్ ఒక లెక్కా?

"దేవుడు అద్దె అడగడు కదండీ" అంది మా ఆవిడ. అల్పవిశ్వాసులు ఏ ఇంట్లో లేరు?

ఉత్తరం నేనే రాశాను. మూడు ముక్కల్లో తేల్చమన్నాడు బావమరిది. అంతమంది ఇళ్ళకు వెళుతూ, క్షేమం అడగకుండా జిప్పుల మాట ఎత్తుతామా? మర్యాదగా ఉంటుందా? ఇంట్లో అందరూ కులాసాయేనా అని మొదలుపెట్టాను. పిల్లల చదువులు, పెద్దల మోకాళ్ళు, ఈ ఏటి వానలు అన్నీ పలకరించి, చిట్టచివర కాస్త సిగ్గుపడుతూ, జిప్పులు కూడా బాగుచేయబడును అని రాశాను.

జవాబులు రాలేదనుకున్నారా? వచ్చాయి! ఒకాయన తన పేరు తీసేయమన్నాడు. తీయడానికి లిస్టు నా దగ్గరుంటేగా! క్షమించమని రాశాను. మళ్ళీ రాసినందుకు ఆయన ఇంకా గట్టిగా రాశాడు. దానికీ క్షమాపణ చెప్పుకున్నాను. ఇప్పుడు మా ఇద్దరి మధ్య నడుస్తున్నన్ని ఉత్తరాలు నాకూ మా సొంత అన్నయ్యకూ మధ్య ఏనాడూ నడవలేదు. ఇంకొకావిడ తన మోకాళ్ళకు ఏ మందు మంచిదో చెప్పమంది.

ఇక సోషల్ మీడియా. కొట్టు పేరున పేజీ తెరిచాం. ప్రొఫైల్ ఫొటోకు బోర్డు కావాలన్నాడు బావమరిది. వీధిలో లైటింగ్ చాలదట! బోర్డు విప్పి మా ముందుగదిలోకి తెచ్చాం. కిటికీ పక్కన, వెనకాల తెల్ల దుప్పటి, అటొక లైటు, ఇటొక లైటు. పెళ్ళినాడు నాకు కూడా అంత వైభవం జరగలేదు! "ఇక్కడే ఉండనీ బావా, వారం వారం ఫొటో మార్చాలి" అన్నాడు. ఉండనిచ్చాను.

రోజూ జిప్పు గురించి ఏం రాస్తాం? ఎక్కుతుంది, దిగుతుంది, అంతేగా! అందుకని పొద్దున్నే ఒక మంచిమాట పెట్టసాగాను. "కోపాన్ని జయించినవాడే వీరుడు." ఆహా, ఆ లైకులు చూడాలి! జోడించిన చేతులు, పువ్వులు, ఉదయించే సూర్యులు! కొందరు గురువుగారూ అంటున్నారు. పరీక్షకు వెళ్ళే ఒకతను ఆశీర్వదించమన్నాడు. జిప్పు అడిగినవాడు మాత్రం లేడు.

"ఇవాళ ఎంతమంది వచ్చారండీ?" అని మా ఆవిడ కొట్టులోంచి కేకేసేది.

"రెండువేలమంది!"

ఆవిడ ఒకసారి ఖాళీ వీధికేసి చూసి, "కుర్చీలు సరిపోతాయా?" అనేది.

నెలాఖరు రానే వచ్చింది. మా ఆవిడ మిషన్‌ను పాత దుప్పట్లో చుడుతోంది. నేను తాడు పట్టుకుని నిలబడ్డాను. అంతలో ఎదురింటి టీచరమ్మ వచ్చింది.

"వదినగారూ, మిషన్ తీసేస్తున్నారా? అయితే నాకిచ్చెయ్యండి."

"మీకు కుట్టుపని వచ్చా?"

"రాదు. నేర్చుకోక తప్పుతుందా? మా పిల్లల బ్యాగులన్నీ నోళ్ళు తెరుచుకున్నాయి. మీరేమో కొట్టు మూసేశారు."

"మూయడమేంటి? రోజూ ఇక్కడే కూర్చుంటున్నాను కదా!"

"బోర్డు తీసేశారుగా! ఊసుపోక కూర్చుంటున్నారనుకున్నాం. అడిగితే బాధపడతారని వీధిలో ఎవరమూ అడగలేదు."

నేను గొంతు సవరించుకుని, "మా పేజీ చూడలేదాండీ?" అన్నాను.

"చూడకపోవడమేంటండీ, రోజూ దణ్ణం పెడుతున్నాను! కొట్టు మూసేసి మీరు ఆధ్యాత్మికంలోకి వెళ్ళిపోయారని అందరికీ చెప్పిందే నేను."

అప్పుడు మా ఆవిడ నాకేసి చూసిన చూపును ఇక్కడ వర్ణించను. పిల్లలు కూడా చదివే పత్రిక ఇది.

అయినా నా సిద్ధాంతంలో మార్పు లేదు. లిస్టు గొప్పదే. ముక్కూమొహం తెలియని యాభై వేలమందిని "ప్రియమైన" అని పిలవడం నేర్పింది నాకు. ఎదురింటివాళ్ళను "ఏమండీ" అని పిలవడం దానికి చేతకాదు, అంతే. అంతమాత్రాన తప్పుపడతామా?

సాయంత్రం స్టూలెక్కి బోర్డు బిగిస్తుంటే, దారినపోయే పెద్దమనిషి ఆగి తలెత్తి చదివాడు. "కొత్తగా పెట్టారా?" అని అడిగాడు. ఆయన కోటు జిప్పు సగంలో ఇరుక్కుని ఉంది.

ఆయన మెయిల్ అడ్రసు నాకు తెలియదు. "లోపలికి రండి" అన్నాను.