ముందు వరస జమోరా వారిది

ఆ శనివారం ఉదయం పరంధామయ్య వేసుకున్న ప్లాను చాలా చిన్నది. ఎదురింటి జమోరాతో కలిసి నడకదారి మీద ఓ చుట్టు తిరిగి రావడం, ఉప్మా తినడం, ఆ తర్వాత కూతురు శ్రీవిద్య కారెక్కి, తను చేత్తో రాసుకున్న తమ కొల్లిపర వారి వంశవృక్షాన్ని గోడకు తగిలించేంత పెద్ద కాగితం మీద ప్రింటు తీయించుకోవడం. అంతే. అమెరికాలో, అర్కన్సా రాష్ట్రపు బెంటన్‌విల్‌లో కారు లేని పెద్దమనిషికి అంతకు మించిన ప్లాను ఎలాగూ సాగదు.

ఇక్కడ ఆయన విద్య గురించి ఒక మాట చెప్పాలి. ఒంగోల్లో ఆయన కరెంటాఫీసులో పనిచేసి రిటైరయ్యారు గానీ, జనం ఆయన్ని వెతుక్కుంటూ వచ్చేది ఇంటిపేర్ల కోసం. పెళ్ళిపందిట్లో ఎవరైనా ఇంటిపేరు చెబితే చాలు, వాళ్ళది ఏ ఊరో, ఏ గోత్రమో, ఎవరికెవరు దాయాదులో, ఎవరు పోతే ఎవరికి మైలో తడుముకోకుండా చెప్పేసేవారు. అంతటి విద్యా అమెరికా వచ్చాక అల్లుడింట్లో సోఫా మూల, టీవీ రిమోటు పక్కన పడి ఉంది.

ముందురోజు వంశవృక్షం చూసి శ్రీవిద్య అడిగింది కూడా. "నాన్నా, ఇందులో నేనెక్కడున్నాను?"

"నువ్వు కంచర్ల వాళ్ళ పిల్లవి కదమ్మా. వాళ్ళ చెట్టులో ఉంటావు."

"వాళ్ళకి చెట్టు లేదు నాన్నా."

"అది వాళ్ళ ఖర్మ," అన్నారు పరంధామయ్య. అల్లుడు రాకేష్ లాప్‌టాప్‌లోంచి తల ఎత్తలేదు. వీసా ఎక్స్‌టెన్షన్ పెండింగ్‌లో ఉన్నప్పట్నుంచీ అతను ఏ విషయానికీ తల ఎత్తడం లేదు.

ఆ ఊళ్ళో పరంధామయ్య విద్యకి చెవి ఒగ్గింది జమోరా ఒక్కడే. మొదటిరోజే ఇంటిపేరు ఎక్కడిదని అడిగితే, "స్పెయిన్‌లో జమోరా అని ఒక ఊరుంది. మా తాతల తాతలెవరో అక్కణ్ణుంచి మెక్సికో వెళ్ళారట. మా నాన్న టెక్సాస్ వచ్చాడు. నేను ఇక్కడ తేలాను. ఆ ఊరు మాత్రం చూడలేదు," అన్నాడు. పరంధామయ్య పొంగిపోయారు. "మాదీ ఊరి పేరే! నేనూ కొల్లిపరలో ఒక్క పూట ఉన్న పాపాన పోలేదు!" ఆ క్షణం నుంచి ఇద్దరూ జతగాళ్ళు. పెళ్ళాం పోయిందనీ, ఒక కూతురుందనీ, ఎవరో బేకర్ అనే అతన్ని చేసుకుందనీ, తల్లి పోయినప్పుడు మాటా మాటా వచ్చి రాకపోకలు లేవనీ ఓసారి నడకలో జమోరా చెప్పాడు. "అయితే బేకర్ వాళ్ళ మనిషన్నమాట," అని పరంధామయ్య తలూపి, అక్కడితో ఆ సంగతి వదిలేశారు.

ఆ శనివారం జమోరా బయటికి రాలేదు. అతని వాకిట్లో అంబులెన్సు ఉంది, కానీ దానికి తొందరేమీ లేదు. కుక్కని తిప్పుకునే ఒకావిడ కిటికీలోంచి చూసి ఫోన్ చేసిందట. కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. నడకకి వేసుకునే బూట్లు కాళ్ళకే ఉన్నాయి. వాటిని చూడగానే పరంధామయ్యకు కళ్ళ నీళ్ళు ఆగలేదు.

పోలీసాయన దగ్గరకొచ్చి నెమ్మదిగా అడిగాడు. "ఆయన ఫోన్‌లో డాక్టరు నంబరూ, మందుల షాపు నంబరూ, మీ నంబరూ ఉన్నాయి. కుటుంబం ఎవరైనా ఉన్నారా?"

"నోబడీ సర్," అన్నారు పరంధామయ్య ముక్కు చీదుకుంటూ. "జమోరా ఫ్యామిలీలో ఒక్కరూ లేరు."

అబద్ధం చెబుతున్నానని ఆయనకు తోచనే లేదు.

"అయితే కౌంటీ ఆఫీసు వాళ్ళు చూసుకుంటారు. కొన్నాళ్ళు ఆగి, ఎవరూ రాకపోతే దహనం చేసి, బూడిద డబ్బాలో పోసి అల్మరాలో పెడతారు."

"అల్మరాలోనా!" అన్నారు పరంధామయ్య. ఆ తర్వాత ఉప్మా ఆయన గొంతు దిగలేదు.

"మన అనేవాడు ఒక్కడైనా రాకుండా మనిషిని అల్మరాలో పెడతారుటే," అని భార్య కృష్ణకుమారి దగ్గర వాపోయారు. "ఇండియన్ స్టోరుకి పోయే దారిలో జమోరా టైర్స్ అని బోర్డుంది. వాళ్ళకి మైల కూడాను. కబురు చెప్పకపోతే మనకి పాపం."

"ఏమండీ, మన ఇంటిపేరు వాళ్ళు నాలుగు కులాల్లో ఉన్నారు. వాళ్ళంతా మనకి చుట్టాలేనా?"

"వాళ్ళ సంగతి వేరు."

"ఎలా వేరు?"

"నువ్వు స్టవ్ మీద చూడు, ఏదో మాడుతోంది," అని పరంధామయ్య చెప్పులేసుకున్నారు.

కారు కొండల్ రావుది. అంటే కొడుకుది. కరీంనగర్ నుంచి వచ్చిన కొండల్ రావుకీ ఆ ఊళ్ళో పనేమీ లేదు కాబట్టి ఎవరు పిలిచినా కారు తీస్తాడు. "గిసొంటి కబురు ఫోన్ల చెప్పొద్దన్నా, ముఖం మీద్నే చెప్పాలె. నడువు పోదాం," అన్నాడు.

టైర్ల షాపు యజమాని రూబెన్ జమోరా ఏదో ట్రక్కు కింద దూరి ఉన్నాడు. పరంధామయ్య వంగి, తనకొచ్చిన ఇంగ్లీషులో గంభీరంగా చెప్పారు. "సర్, మీ వంశంలో ఒకాయన కాలం చేశారు. హోసే జమోరా. ముసలాయన, ఒంటరి, టెక్సాస్ నుంచి వచ్చాడు. మీరు వెంటనే స్నానం చేయాలి."

రూబెన్ బయటికొచ్చి తన చేతుల గ్రీజు చూసుకున్నాడు. స్నానం సంగతి అతనికి అర్థం కాలేదు గానీ, షాపు వెనక కుర్చీలో కూర్చున్న అతని తండ్రి ఆన్సెల్మోకి హోసే అన్న పేరు వినబడింది. ఆయన తమ్ముడు హోసే చిన్నప్పుడే పని వెతుక్కుంటూ టెక్సాస్ వైపు వెళ్ళి, మళ్ళీ ఆచూకీ లేకుండా పోయాడు. ముసలాయన టోపీ తీసి గుండెల మీద పెట్టుకుని, "దొరికాడా?" అన్నాడు. ఆ తర్వాత షాపులో ఎవరూ ఏ టైరూ ముట్టుకోలేదు.

తిరుగు ప్రయాణంలో పరంధామయ్యకి దుఃఖం ఉంది, దాని పక్కనే కాస్త గర్వమూ ఉంది. "చూశారా కొండల్ రావు గారూ! ఇంటిపేరు పట్టుకుంటే మనిషి దొరక్కపోవడమేంటి!"

"నీ తెలివికి దండం పెట్టాలె అన్నా," అన్నాడు కొండల్ రావు మనస్ఫూర్తిగా.

శ్రీవిద్య మాత్రం వినగానే తల పట్టుకుంది. "నాన్నా, వాళ్ళలో హోసే అంటే మనలో వెంకటేశ్వర్లు. ఏ వెంకటేశ్వర్లో ఎలా తెలుస్తుంది?"

తెలిసేలోపే కబురు పాకింది. ఆన్సెల్మో టల్సాలో తన మేనల్లుళ్ళకి చెప్పాడు, వాళ్ళు డాలస్‌కి చెప్పారు, డాలస్ వాళ్ళు మెక్సికోలో ఊరందరికీ చెప్పారు. ఈలోగా కృష్ణకుమారికి బీపీ చూసే క్లినిక్‌లో నర్సు పేరు తెరెసీతా జమోరా అని పరంధామయ్య కంట పడింది. ఆవిడది ఫిలిప్పీన్స్.

"మాకు స్పెయిన్ రక్తం లేదు అంకుల్," అంది ఆవిడ నవ్వు ఆపుకుంటూ. "ఎప్పుడో స్పెయిన్ వాళ్ళ గవర్నరు ఒక పేర్ల పుస్తకం పంపించి, తలా ఒక ఇంటిపేరు తీసుకోండి అన్నాడట. మా వాళ్ళకి ఇది దక్కింది."

ఇంటిపేరు గవర్నమెంటు పంచిపెట్టిందని వినడం పరంధామయ్య జీవితంలో అదే మొదలు. తేరుకుని, "ఎవరిస్తే ఏంటమ్మా, ఇంటిపేరు ఇంటిపేరే. నువ్వూ స్నానం చేయాలి," అన్నారు. ఆవిడకి జాలేసింది, ముసలాయన మీదో, చచ్చిపోయినాయన మీదో. ఊరి ఫేస్‌బుక్ గ్రూపులో నాలుగు ముక్కలు రాసింది: దిక్కులేని జమోరా ఒకాయన పోయారు, ఒక ఇండియన్ అంకుల్ ఆయన వాళ్ళ కోసం వెతుకుతున్నారు, జమోరాలెవరున్నా రండి, ఇదిగో ఆయన నంబరు.

ఇక పరంధామయ్య ఫోన్ ఆగలేదు. కాన్సస్ సిటీ నుంచి ఒక జమోరా. వాళ్ళది ఈక్వడార్, అక్కడా జమోరా అనే ఊరుందట. న్యూ మెక్సికో నుంచి ఇంకొకావిడ. అమెరికా అనే దేశం పుట్టకముందే తమ జమోరాలు ఇక్కడున్నారని చెప్పి, ఎవరో తెలియకపోయినా పువ్వులు పంపుతానంది. పరంధామయ్య అందరికీ మైల ఉందనే చెప్పారు.

"మామయ్య గారూ, మీకో దండం," అన్నాడు రాకేష్. "నా ఎక్స్‌టెన్షన్ పెండింగ్‌లో ఉంది. పోలీసు కేసులో మన అడ్రస్ ఉంటే అంతే సంగతులు."

"చావుకి చుట్టాల్ని పిలిస్తే కేసెందుకు అవుతుంది అల్లుడూ?"

"ఎవరి చుట్టాలండీ?"

దానికి పరంధామయ్య దగ్గర జవాబుంది. ఎదుటివాడికే దాన్ని వినే ఓపిక లేదు.

శవాన్ని ఉంచిన ఫ్యూనరల్ హోమ్ ప్రుయిట్ అనే ఆయనది. ముందు ఎవరైనా వచ్చి గుర్తుపట్టండి, తర్వాత సంతకాలు అన్నాడు. ఒకరిద్దరు వస్తారనుకుని నాలుగు కుర్చీలు వేయించాడు. ఆయన చెప్పిన రోజు పొద్దున్నే టల్సా, డాలస్ ట్రక్కులు బారులు తీరాయి. అల్యూమినియం ట్రేల నిండా, మొక్కజొన్న పొట్టలో చుట్టి ఉడికించిన తమాలీలు దిగాయి. ఆన్సెల్మో చక్రాల కుర్చీలో నల్లకోటుతో వచ్చాడు. తెరెసీతా తన చర్చి వాళ్ళని వెంటబెట్టుకొచ్చింది. ప్రుయిట్ గోడౌన్‌లోంచి మడత కుర్చీలన్నీ పట్టించాడు, అవీ చాల్లేదు.

పందిట్లో జనం కలగాపులగం అవుతుంటే పరంధామయ్య చూస్తూ ఊరుకునే మనిషి కాదు. తెల్ల పంచె, కండువాతో గుమ్మంలో నిలబడి ఒక్కొక్కరినీ "జమోరా?" అని అడిగారు. ఔనన్న వాళ్ళని ముందు వరసలకి పంపారు. కాదన్న వాళ్ళు వెనక్కి. న్యాయం అందరికీ ఒకటే కాబట్టి, "నువ్వూ వెనకే అమ్మాయీ," అని శ్రీవిద్యని కూడా గోడ వారకి తోలారు. లోపలికి చూస్తే ముందు వరసలన్నీ నిండి ఉన్నాయి. అల్మరా పీడ విరగడైందని ఆయన కడుపు నిండిపోయింది.

చివర్లో ఒకావిడ వచ్చింది. తెల్లగా, నలభై దాటిన మనిషి, చాలా దూరం నిద్ర లేకుండా కారు నడిపినట్టు కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"జమోరా?" అన్నారు పరంధామయ్య.

"బేకర్. లారా బేకర్."

"వెనక్కి వెళ్ళండి మేడమ్."

"ఒక్కసారి ఆయన్ని చూస్తాను."

"ముందు ఫ్యామిలీ మేడమ్. తర్వాత మీరు."

ఆవిడ అక్కడ ముందు నిలబడే అర్హత తనకి లేదని తనకి తానే ఒప్పుకున్నట్టు తలొంచుకుని, వెనక కుర్చీ కూడా లేకపోవడంతో వరండాలో కాఫీ మిషను పక్కకి వెళ్ళి నిలబడింది.

పెట్టె మూత తెరిచారు. రూబెన్ తండ్రి కుర్చీని దగ్గరకి తోశాడు. ఆన్సెల్మో కళ్ళజోడు సర్దుకుని, చెయ్యి చాపి, శవం చెవిని మెల్లగా తడిమాడు.

"వీడు మా హోసే కాదు," అన్నాడు. "చిన్నప్పుడు మావాడి చెవి కుక్క కొరికింది. ఈయనకి రెండు చెవులూ పూర్తిగా ఉన్నాయి."

వరసల్లో కొందరు లేచి నిలబడ్డారు. ముసలాయన మాత్రం అక్కణ్ణుంచి కదల్లేదు. ఇన్నేళ్ళుగా దాచుకున్న ఏడుపు గొంతుదాకా వచ్చాక వెనక్కి పోదు కదా, పెట్టె అంచు పట్టుకుని ఆ పరాయి హోసే మీదే ఏడ్చేశాడు. టల్సా మేనల్లుళ్ళూ ఏడ్చారు. కొండల్ రావు కూడా ఏడ్చాడు.

ప్రుయిట్ కాగితాలు పట్టుకుని గొంతు సవరించుకున్నాడు. "మన్నించాలి. మీలో ఆయన కుటుంబం ఎవరు?"

ముందు వరసల జమోరాలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. మెక్సికో జమోరాలు ఫిలిప్పీన్స్ వాళ్ళని, వాళ్ళు ఈక్వడార్ వాళ్ళని. చివరికి అందరూ కలిసి గుమ్మం వైపు, పంచె కట్టుకున్న మనిషి వైపు చూశారు. జీవితంలో మొదటిసారి పరంధామయ్యకు ఒక ఇంటిపేరు గురించి చెప్పడానికి ఏమీ దొరకలేదు.

"నేను," అని వరండాలోంచి వినబడింది. "నేను ఆయన కూతుర్ని."

అప్పుడు గుర్తొచ్చింది ఆయనకు, నడకలో విన్న మాట. బేకర్. పోలీసాయన ఎదురుగా నిలబడి ఎవరున్నారని అడిగితే నోబడీ అన్నది తన నోరే. చచ్చినవాడికి ఉన్న ఒకే ఒక్క మనిషిని తన చేతుల్తో కాఫీ మిషను దగ్గర నిలబెట్టారు. కండువాతో మొహం తుడుచుకున్నారు గానీ, తుడుచుకుంటే పోయేది కాదది.

జమోరాలందరూ లేచి దారిచ్చారు. లారా పరంధామయ్య పక్కనుంచి వెళ్తూ ఆగింది. "అర్కన్సాలోని జమోరాలందరికీ ఎవరో ఇండియన్ ఫోన్లు చేస్తున్నాడని ఫేస్‌బుక్‌లో చూశాను. అలా తెలిసింది నాకు," అంది. అది కృతజ్ఞతో, తిట్టో ఆయనకు అర్థం కాలేదు. అడిగే ధైర్యమూ లేదు. ఆవిడ వెళ్ళి తండ్రి కాళ్ళ దగ్గర నిలబడి, ఎవరో ఊడదీసిన బూట్లు ఏవని అడిగింది.

తిరిగి వెళ్ళేటప్పుడు శ్రీవిద్య కారు నడుపుతోంది. వెనక సీట్లో ప్రింటు తీయించని వంశవృక్షం చుట్ట చుట్టి ఉంది. జమోరా టైర్స్ బోర్డు దాటాక పరంధామయ్య నోరు విప్పారు.

"అమ్మాయీ, నేనిక్కడే పోయాననుకో. నన్ను ఎవరికిస్తారు?"

"నాకే నాన్నా."

"నీ ఇంటిపేరు వేరు కదమ్మా. ఇస్తారంటావా?"

శ్రీవిద్య సిగ్నల్ దగ్గర కారాపి, ఎర్రలైటు వైపే చూస్తూ అంది.

"గుమ్మంలో నీలాంటివాళ్ళెవరూ నిలబడకపోతే ఇస్తారు నాన్నా."