క్యూలో మొదటి మనిషి

ఆ ఉదయం కండక్టరుగారి పథకం చాలా చిన్నది. ఇంటి దగ్గర ఒక్కరే బయలుదేరి, వీధి మలుపు తిరిగి, కమ్యూనిటీ హాలులో వ్యాయామం క్లాసుకు వెళ్ళి, మళ్ళీ ఒక్కరే ఇంటికి రావాలి. ఉద్యోగమంతా బస్సుల్లో తిరిగి రిటైరైన మనిషికి అది పథకమని చెప్పుకోవడానికే సిగ్గు. కానీ పార్కిన్సన్స్ జబ్బు వచ్చాక ఆయన గేటు ఒంటరిగా దాటడం ఇదే మొదటిసారి. ఇన్నాళ్ళూ భార్య చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి, చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేది.

"గుండీలు నేను పెట్టుకుంటానులే" అన్నారాయన.

"మీరు పెట్టుకునేసరికి అక్కడ క్లాసు అయిపోతుంది" అంది భార్య, పై గుండీ బిగిస్తూ. "ఇదిగో, అడిగారు కదా అని పంపిస్తున్నాను. దారిలో ఎక్కడైనా కాళ్ళు ఆగిపోయాయని నా చెవిన పడిందా, ఇక మనిషిని పెట్టేస్తాను. మా తమ్ముడు ఒకతనితో మాట్లాడి ఉంచాడు. పొద్దున్నించి రాత్రిదాకా మీ పక్కనే ఉంటాడట."

"నేనేమైనా బ్యాంకునా, కాపలా పెట్టడానికి?"

"ఏమిటీ?"

"ఏం లేదు."

ఆయన గొంతు అలా అయిపోయింది. ఒకప్పుడు వెనక సీటు నుంచి డ్రైవరుదాకా వెళ్ళిన గొంతు, ఇప్పుడు ఎదుట నిలబడ్డ మనిషిదాకా వెళ్ళడానికే బద్ధకిస్తోంది.

జబ్బు పేరు తెలిసిన రోజున బావమరిది ఆయన ఎదుటే డాక్టరమ్మను అడిగేశాడు, కొత్త ఫ్రిజ్జుకు గ్యారంటీ అడిగినట్టు: "మా బావ ఎన్నాళ్ళుంటాడండీ?" డాక్టరమ్మ విసుక్కోలేదు. "అందరికీ ఒక్కలా ఉండదు. చాలామంది దాదాపు మామూలు ఆయుష్షే బతుకుతారు. మందులు వేళకు వేసుకోవాలి, రోజూ ఒళ్ళు కదల్చాలి, పడిపోకుండా చూసుకోవాలి" అంది. అందులో బావమరిదికి మొదటి మాట, భార్యకు చివరి మాట మాత్రమే వినపడ్డాయి. మధ్యలో మాటలన్నీ కండక్టరుగారు ఒక్కరే దాచుకున్నారు.

మలుపుదాకా నడక బాగానే సాగింది. మలుపు దాటాక కాలిబాట ఒకచోట ఇరుకవుతుంది. ఇటు మూతబడిన దుకాణం షట్టరు, అటు కరెంటు స్తంభం. ఆ ఇరుకు చూడగానే ఆయన పాదాలు రెండూ కూడబలుక్కున్నట్టు నేలకు అతుక్కుపోయాయి. మనసు అప్పుడే హాలు మెట్లెక్కుతోంది. కాళ్ళు మాత్రం ఇక్కడే ఉన్నాయి. ఇలాంటప్పుడు కంగారుపడకుండా లెక్క పెట్టుకుని అడుగెయ్యాలని వ్యాయామం నేర్పే అమ్మాయి చెప్పింది. "ఒకటి, రెండు" అనుకున్నారు. కాళ్ళు మూడు కోసం ఎదురుచూస్తున్నట్టు ఊరుకున్నాయి.

ఎవరైనా చూసి ఇంటికి కబురు చేస్తే కొంప మునుగుతుంది. అందుకని ఆయన షట్టరు వైపు తల తిప్పి, అది ఎప్పుడు తెరుస్తారా అని చూస్తున్న మనిషిలా నిలబడ్డారు.

వెనకే కూరల సంచితో వస్తున్న ఒకావిడ ఆగింది. "ఇంకా తెరవలేదాండీ?"

"ఇక్కడేమీ లేదమ్మా" అన్నారాయన. మాట పెదవులు దాటలేదు. మొహంలో ఏ భావమూ కదల్లేదు. కాళ్ళనే కాదు, మొహాన్ని కూడా బిగించేయడం ఆ జబ్బుకు అలవాటు. కూరల సంచి ఆవిడకు మాత్రం అది లోపలి సంగతి తెలిసిన మనిషి గాంభీర్యంలా కనిపించింది. సంచి కింద పెట్టి వెనక నిలబడింది.

కాసేపటికి హెల్మెట్టు చేత్తో పట్టుకుని ఒకతను వచ్చాడు. "ఏమిస్తున్నారండీ?"

"ఏమో బాబూ. ముందున్నాయనకు తెలుసు. అడిగితే చెప్పడు."

"చెప్పడా? అయితే పెద్దదే అయి ఉంటుంది" అని అతనూ నిలబడ్డాడు.

నలుగురు చేరేసరికి దుకాణం ఖాళీ చేస్తూ కుక్కర్లు పంచిపెడుతున్నారన్నారు. క్యూ మలుపు తిరిగేసరికి ఆ కుక్కర్లు కుట్టుమిషన్లయ్యాయి. మలుపుకు అవతల ఉన్నవాళ్ళకు షట్టరు కనపడదు కాబట్టి, వాళ్ళు ఇంకా పెద్ద ఆశల్లో ఉన్నారు.

సరిగ్గా అప్పుడే అటుగా బావమరిది వచ్చాడు. క్యూ పొడవునా నడిచి చివరికి మొదటి మనిషిని చూసి నిర్ఘాంతపోయాడు.

"బావా! నువ్వా!"

అయిపోయింది అనుకున్నారు కండక్టరుగారు. బావమరిది ఫోను తీశాడు.

"అక్కా, బావ ఎక్కడో ఆగిపోతాడని తెగ భయపడ్డావు. ఊరందరికన్నా ముందున్నాడు! పెద్ద సంచులు తీసుకుని వచ్చెయ్. మనిషికి రెండేనట... ఏవా? తెరిస్తే గదా తెలిసేది!"

భార్య రెండు సంచులూ ఒక గోనె పట్టుకుని పరుగున వచ్చింది. చాలా కాలంగా ఆయన ఆమె కళ్ళల్లో చూడని గౌరవం ఒకటి అప్పుడు కనపడింది.

"ఎంత గుంభనమండీ మీకు! క్లాసని చెప్పి ఇక్కడికా వచ్చారు?"

నిజం చెబితే పొద్దున్నించి రాత్రిదాకా పక్కన మనిషి. కండక్టరుగారు నోరు మెదపలేదు. జబ్బు వల్ల కాదు.

ఆవిడ ఆయన పక్కన చేరబోయింది. కూరల సంచి ఆవిడ గయ్యిమంది. "ఏమమ్మా, మేము మనుషుల్లా కనపడ్డం లేదా? వెనక్కి వెళ్ళు!"

"ఆయన మా ఆయనండీ!"

"అయితే ఇంట్లో నిలబడు ఆయన పక్కన. ఇక్కడ మాత్రం వెనకే!"

భార్య, బావమరిది గొణుక్కుంటూ మలుపు అవతలికి వెళ్ళి చివర నిలబడ్డారు. ఎండ పెరిగింది. జనానికి ఓపిక తగ్గింది. హెల్మెట్టు అతను చప్పట్లు మొదలుపెట్టాడు. "తెరవండి! తెరవండి!" క్యూ అంతా అందుకుంది. ఒకే దెబ్బ, ఒకే వేగం.

హాలులో అమ్మాయి చప్పట్లు కొట్టేది సరిగ్గా ఇదే వేగంతో. కండక్టరుగారి కంటే ముందు ఆయన కాళ్ళు దాన్ని గుర్తుపట్టాయి. ఎడమ పాదం లేచింది. దాని వెనక కుడిది. స్తంభం దాటేశారు.

"ఆయన వెళ్తున్నాడు! చోటు మార్చినట్టున్నారు, పదండి!" అని అరిచింది కూరల సంచి ఆవిడ. క్యూ క్యూ అంతా చప్పట్లు కొడుతూ ఆయన వెంట కదిలింది. వెనక తోపులాట మొదలైంది. కండక్టరుగారు తల తిప్పకుండానే అన్నారు: "తోసుకోకండి! ఒకరి తర్వాత ఒకరు!" ఆ మాట మాత్రం వీధంతా వినపడింది. కొన్ని వేలసార్లు అరిచిన మాట. దారి దానికే తెలుసు.

హాలులో వ్యాయామం నేర్పే అమ్మాయి నలుగురు వృద్ధుల ముందు కూర్చుని ఉంది. తలుపులోంచి జనం వస్తూనే ఉన్నారు.

"ఏమిస్తారమ్మా ఇక్కడ?" అన్నాడు హెల్మెట్టు అతను.

"వ్యాయామం నేర్పుతామండీ" అంది బిత్తరపోయి. "వీళ్ళ జబ్బు దీనితో పోదు. కానీ నడక నిలబడుతుంది, పడడం తగ్గుతుంది. ఉన్నన్నాళ్ళూ బాగా ఉండొచ్చు."

"మనిషికి రెండేనా?" అన్నాడు వెనక నుంచి బావమరిది.

కొందరు తిట్టుకుంటూ వెళ్ళిపోయారు. ఎలాగూ పొద్దు పాడైందని చాలామంది ఉండిపోయారు. అమ్మాయి పాట పెట్టి మోకాళ్ళు ఎత్తమంది. కుర్చీ పట్టుకుని కండక్టరుగారు ఎత్తారు. బావమరిది ఏమీ పట్టుకోకుండా ఎత్తి, పక్కకు వాలిపోయాడు. కండక్టరుగారు వణికే చేత్తోనే అతని కాలరు దొరకబుచ్చుకున్నారు.

అంతా అయ్యాక భార్య ఆయన్ని ఒక మూలకు తీసుకెళ్ళింది.

"నిజం చెప్పండి. అక్కడ క్యూలో నిలబడ్డారా, కాళ్ళు ఆగిపోయాయా?"

"ఆగిపోయాయి."

"నాకు చెప్పలేదేం?"

"చెబితే ఇంట్లో పెట్టేస్తావు." ఆయన కాసేపు ఊపిరి తీసుకున్నారు. "నేను జబ్బుతో ఆగాను. మీరందరూ దేనికాగారో చెప్పు. మనిషిని పెట్టేట్టయితే మీ తమ్ముడికీ ఒకణ్ణి పెట్టాలి."

ఆవిడ కోప్పడదామని చూసింది. చేతిలో ఖాళీ గోనె కనపడి నవ్వొచ్చింది. నవ్వు పూర్తికాకుండానే కళ్ళు తుడుచుకుంది.

"మీరు పడిపోతే?"

"పడితే లేస్తాను. లేవలేకపోతే లేపుతారు. డాక్టరమ్మ చెప్పింది కదా, నేను ఇంకా చాలా కాలం ఉంటానని. అంత కాలమూ గేటు లోపలే ఉండమంటావా?"

ఆవిడ గోనె మడిచి చంకలో పెట్టుకుంది. తర్వాత ఆయన చొక్కా జేబులో తన ఫోను పెట్టింది. "నేను ముందు వెళ్తున్నాను. మీరు నిదానంగా రండి. ఒక్కరే."

తర్వాతి వారం కండక్టరుగారు ఒక్కరే బయలుదేరి, మలుపు తిరిగి, ఆ షట్టరు దగ్గరికి వచ్చారు. అప్పటికే పదిమంది సంచులతో నిలబడి ఉన్నారు. ఇరుకు చూసి ఆయన కాళ్ళు మళ్ళీ ఆగాయి. ఈసారి ఆయనకు చిట్టచివరి చోటే దొరికింది.