మట్టికోటకు మంత్రిగారి రక్షణ

ఐర్లండ్‌లోని రోస్‌కామన్ జిల్లా మట్టికోటకు ఆ మంగళవారం నుంచి కొత్త చట్టం రక్షణ మొదలైంది. అంతకుముందు వెయ్యేళ్లూ అది దిక్కులేకుండా పడి ఉందని వారసత్వ శాఖ మంత్రి ఫింటన్ డెవానీగారు, వానలో గొడుగు కింద నిలబడి బాధపడ్డారు.

కోటంటే గుండ్రటి మట్టికట్ట, నడుమ ఒక ముళ్లచెట్టు. సగం ఫిడెల్మా హెనెగన్ పొలంలో, సగం పక్కరైతు మాలకీ పొలంలో ఉంది. లోపల కంటికి కనపడకుండా ఉండే మాయలోకం వాళ్లను పేరెత్తి పిలిస్తే కోపమొస్తుందని ఊళ్లో అందరూ 'మంచివాళ్లు' అంటారు. చెట్టు మీద చెయ్యేస్తే ఆ చెయ్యి పడిపోతుందని ఫిడెల్మాకు నాయనమ్మ చెప్పింది. అక్కడ ఆవుల కొట్టం కట్టాలని మాలకీకి ఎప్పటినుంచో ఆశ. చేతుల మీద తీపితో ఆగాడు.

"మంచివాళ్లూ లేరు, చెడ్డవాళ్లూ లేరు! అంతా మూఢనమ్మకం. ఇక ఉన్నది చట్టమే!" అన్నారు మంత్రిగారు.

మాలకీ టోపీ తీశాడు. "అయితే తవ్వితే చెయ్యి పడిపోదా సార్?"

"ఛఛ! కేసు పెడతాం, అంతే."

"ఎవరు పెడతారు?"

"ఇన్‌స్పెక్టర్."

"ఆయనెక్కడ?"

"పోస్టు మంజూరు కావాలి. అప్పటిదాకా చట్టాన్ని గౌరవించాలి."

మాలకీ గౌరవంగా తల వంచి, వెళ్లి జేసీబీ స్టార్ట్ చేశాడు.

ఇన్ని తరాలు నిలిచిన కోట ఒక్క ఉపన్యాసంతో పోయేలా ఉంది. ఫిడెల్మా ఇంట్లోకి పరుగెత్తి రంపం తెచ్చింది.

"మంత్రిగారూ, మీ చేత్తో ఒక్క కొమ్మ కొయ్యండి. మా భయం పోతుంది, ఫొటో కూడా బాగా వస్తుంది."

విలేకరుల కెమెరాలు లేచాయి. మంత్రిగారు రంపం అందుకుని, చెట్టును చూసి, సెక్రటరీకిచ్చారు. సెక్రటరీకి ఉన్నట్టుండి భుజం నొప్పి గుర్తొచ్చి డ్రైవర్‌కిచ్చాడు. డ్రైవర్ దాన్ని గడ్డిమీద పెట్టి, కారు తుడుస్తానని వెళ్లాడు.

"వచ్చేనెల ఎన్నికలు. చాలామందితో చేతులు కలపాలి," అన్నారు మంత్రిగారు.

జేసీబీ ఆగింది. "నేనూ ఆవుల్ని పితకాలి సార్," అని మాలకీ బండి వెనక్కి తిప్పుకుని పోయాడు. ఫిడెల్మాకు ప్రాణం లేచొచ్చింది.

"చూశారా! చట్టం పనిచేసింది!" అన్నారు మంత్రిగారు. అందరూ చప్పట్లు కొట్టారు.

కారెక్కబోతూ ఆయన ఫిడెల్మాను పక్కకు పిలిచి గొంతు తగ్గించారు.

"అమ్మా, ఇందాక ఫొటో కోసం ఒక కాలు కట్టకు లోపల పెట్టాను. చెట్టును మాత్రం ముట్టుకోలేదు."

"ఏ కాలండీ?"

"ఎడమది."

"అయ్యో," అని ఫిడెల్మా టీ పెట్టుకోవడానికి ఇంట్లోకి వెళ్లింది.