ఫ్రిజ్‌లో సర్వర్

హలో, వినిపిస్తోందా? పొయ్యి మీద ఏమన్నా ఉంటే కట్టేసి రండి. చిన్న ముచ్చటే.

వీధంతా బాబాయ్ అని పిలిచే ఆయన ఇంటినిండా సెన్సార్లు బిగించాడు. తలుపుకొకటి, ఫ్రిజ్‌కొకటి, హాల్లో ఎవరైనా కదిలితే పసిగట్టేది ఇంకొకటి. అవి చెప్పే కబుర్లన్నీ విని ఫోన్లకు మెసేజ్ పంపే సాఫ్ట్‌వేర్, టిఫిన్ డబ్బా అంత సర్వర్‌లో బీరువా మీద ఉండేది. రెండేళ్ల కష్టం. పదిహేను రోజులుగా అది అరగంటకోసారి కుప్పకూలుతోంది.

ఆదివారం పొద్దున్నే పిన్ని తేల్చేసింది. "పన్నెండింటికి పాత సామాన్ల బండి వస్తుంది. ఆలోగా ఒక్క గంట పడిపోకుండా నడిపించండి. లేదంటే బండెక్కిస్తా."

వేడెక్కుతోందేమోనని బాబాయ్ టేబుల్ ఫ్యాన్ తిప్పాడు. గాలికి కర్టెన్ ఊగింది. హాల్లో సెన్సార్ దాన్ని మనిషనుకుని, ఇంట్లో ఎవరో తిరుగుతున్నారంటూ వరసగా నలభై మెసేజ్‌లు పంపింది. ఆపదకు పనికొస్తాడని బావమరిది నంబరు కూడా పెట్టి ఉంచారు. పక్క వీధిలో గడ్డం గీసుకుంటున్న ఆ మనిషి సగం నురగతో, గొడుగు పట్టుకుని ఊడిపడ్డాడు.

"దొంగేడి బావా?"

"దొంగ కాదురా, కర్టెను."

ఈలోగా సర్వర్ మళ్లీ పడింది. బాబాయ్ ఫ్యాన్ ఆపేసి, సర్వర్‌ను మళ్లీ ఆన్ చేసి ఏకంగా ఫ్రిజ్‌లో పెట్టాడు. వైరు అడ్డొచ్చి తలుపు మూతపడలేదు. ఫ్రిజ్ వేడెక్కుతోందని ఇంకో ముప్పై మెసేజ్‌లు. పిన్ని వచ్చి పాలగిన్నె పక్కన సర్వర్‌ను చూసింది.

"మూతన్నా పెట్టకపోయారా, వాసన పడుతుంది."

మెసేజ్‌ల దెబ్బకు బావమరిది ఫోన్ చార్జింగ్ అయిపోయింది. తనను దొంగ పొడవలేదని పెళ్లానికి చెప్పుకోవాలి కదా. పదిన్నరకు అతను బాబాయ్ ఫోన్ లాక్కుని, మాట్లాడుతూ మాట్లాడుతూ తన ఇంటికే నడిచి వెళ్లిపోయాడు.

పదకొండైంది. పదకొండున్నర అయింది. సర్వర్ పడలేదు. పన్నెండింటికి వచ్చిన బండిని బాబాయ్ స్వయంగా సాగనంపి, అంతా ఫ్రిజ్ మహిమేనని చెప్పుకున్నాడు.

పిన్నికి నమ్మకం కుదరలేదు. సర్వర్ తన గోడు రాసుకునే చిట్టాను కంప్యూటర్‌లో తెరిపించి చదివింది. సెకనుకోసారి ఒకే ఫోన్ నుంచి ఒకే ప్రశ్న: నడుస్తున్నావా? పదిన్నరకు ఆ ఫోన్ ఇంటి వైఫై దాటి వెళ్లాక ఆ ప్రశ్న లేదు.

అది తన ఫోనేనని బాబాయ్ ఒప్పుకున్నాడు. మొదటిసారి అది కరెంటు పోయి ఆగింది. మళ్లీ ఎప్పుడు ఆగుతుందో పట్టుకుందామని ఫోన్‌తో అలా అడిగించడం మొదలుపెట్టాడు. ఆ తర్వాత పడినవన్నీ జవాబు చెప్పలేక పడినవే.

"దానికి ఒళ్లు బాగానే ఉందండీ," అంది పిన్ని. "మీ పరామర్శే ఎక్కువైంది."

సర్వర్ బీరువా ఎక్కింది. ఫోన్‌ను అక్కడే ఉంచుకొమ్మని పిన్ని తమ్ముడికి కబురు పెట్టింది.

మీ ఇంట్లోనూ ఇలాంటి ఆయన ఉంటే ఈ కథ పంపండి. విన్నాడా లేదా అని మాత్రం సెకనుకోసారి చూడకండి.