గార్డు గారి యూరప్ రైట్ టైమ్!

యూరప్‌లో చూడదగ్గది బస్సు ఒక్కటే! కాదంటారా? టవర్లూ కోటలూ అద్దంలోంచి కనబడుతూనే ఉంటాయి. దిగితే చలి, మెడనొప్పి, మళ్ళీ ఎక్కడానికి క్యూ. కాలు కింద పెట్టనివ్వకుండా దేశాలు దాటించే ఇంత సౌకర్యాన్ని తిట్టేవాళ్ళని ఏమనాలి?

ఈ సత్యం కనిపెట్టిన ఘనత మన ఖరగ్‌పూర్ హరిబాబుది. గూడ్సు గార్డుగా రిటైరై ఏళ్ళయినా ఆయన జేబులో ఈల అలాగే ఉంది. ట్రాఫిక్ కాలనీలోని ఇంట్లో పప్పు ఉడకడం ఆలస్యమైనా ఆయన దాన్ని, దారిలో బండి నిలిచిపోయినట్టు, ‘డిటెన్షన్’ అనే అంటాడు. పెళ్ళికి వెళితే పురోహితుణ్ణే తొందరపెడతాడు. అలాంటి మనిషికి గైడెడ్ బస్సు టూర్ స్వర్గం కాక మరేమిటి?

భార్య నీలవేణి బయలుదేరే ముందు ఒకే ఒక్కటి అడిగింది.

"ఎక్కడో ఒక్క సోట నీళ్ళలో కాళ్ళెట్టుకుని కూకుంటానండీ. ఇంకేటీ వొద్దు."

రైల్వే పాసు మీద పూరీ వెళ్ళినా, దీఘా వెళ్ళినా అందరూ సముద్రంలో గంతులేస్తుంటే ఒడ్డున సామాన్లకి కాపలా ఆవిడే. ఈసారి సామానంతా బస్సులోనే ఉంటుందని తెలిసి పాపం ఎంత సంబరపడిందో!

"దానికేటే, సూద్దాం," అన్నాడు హరిబాబు.

ఇక ఆయన అనుభవంతో చెప్పే సలహాలు వినండి. బస్సు దిగగానే ముందు టాయిలెట్ చూడండి, చర్చి ఎక్కడికీ పోదు. ఊరి పేరు అడక్కండి, చెప్పేలోగా ఊరు దాటిపోతుంది. ఫొటోలో మీ మొహం పెద్దదిగా పడాలి. వెనక ఉన్నదేమిటని ఖరగ్‌పూర్ గోల్‌బజార్‌లో ఎవరూ పరీక్ష పెట్టరు. ఆవకాయ సీసా చేతిసంచిలోనే ఉంచుకోండి, లేదా రాత్రి దాకా రొట్టె నములుతూ కూర్చోండి. నిద్రొస్తే హాయిగా పోండి. లేచేసరికి ఇంకో దేశం!

కోల్‌కతా నుంచి వెంట వచ్చిన టూర్ మేనేజర్ రాబిన్‌కి అరిచి అరిచి గొంతు పోయింది. అప్పుడు హరిబాబు ఈల తీశాడు. ఒక్క ఊదుడుకి మ్యూజియం ఖాళీ! "షాబాష్, గార్డ్ దాదా!" అని రాబిన్ ఆయనకి ముందు సీటు ఇచ్చేశాడు. ఆ రోజు నుంచి బస్సు ఏ ఊళ్ళోనూ లేటు కాలేదు. ప్రయాణికులు ఏ ఊళ్ళోనూ ఏమీ చూడలేదు కూడా, కానీ అది చిన్న విషయం.

స్విట్జర్లాండ్‌లో ఒక సరస్సు దగ్గర ఫొటోల కోసం బస్సు ఆగింది. టైమవగానే హరిబాబు ఈల ఊదాడు. జనం ఐస్‌క్రీములు పారేసి మరీ పరిగెత్తుకొచ్చారు. ఒక్క సీటు మాత్రం ఖాళీగా ఉంది, హరిబాబు పక్కదే!

ఆయన మండిపడుతూ వెళ్ళాడు. నీలవేణి మెట్ల మీద కూర్చుని ఉంది. చెప్పులు పక్కన, పాదాలు నీళ్ళలో.

"ఏటే, ఈల ఇనబళ్ళేదా?"

"ఇనబడింది. పెళ్ళైన కాడ్నుంచీ ఇంటన్నాను," అంది తల తిప్పకుండా. "మీ బండి ఒగ్గీండి. నాను దిగిపోనాను."

"గార్డ్ దాదా! లేట్ హో రహా హై!" అని వెనక నుంచి రాబిన్ కేక.

సర్వీసంతా తన మూలంగా బండి లేటైందన్న మాట పడని మనిషి! ఈల నోటి దాకా తీసుకెళ్ళాడు, ఊదలేకపోయాడు. ఇంతకాలం ఆవిణ్ణి సామాన్ల దగ్గర కూర్చోబెట్టినందుకు సిగ్గేసింది. బూట్లు విప్పి, ప్యాంటు మడిచి పక్కన కూర్చున్నాడు. "అమ్మబాబోయ్, ఏటీ సలి!" అన్నాడు. నీలవేణి పకపకా నవ్వింది. బస్సు హారన్ కొడుతూనే ఉంది.

మొన్న ఖరగ్‌పూర్‌లోనే పూరీ గేట్ పేటలో చుట్టాలకి ఫోనులో ఫొటోలు చూపించాడు. వందల ఫొటోలు! ఏది ప్యారిస్సో, ఏది రోమో ఆయనకే తెలియదు. ఫోను బస్సులో ఉండిపోవడంతో సరస్సుది ఒక్కటీ లేదు. కానీ దాని గురించి గంటసేపు చెప్పాడు. మెట్టు మీది పాచి, ఆవిడ చేతిలోంచి జంతిక ఎత్తుకుపోయిన బాతు, ఏదీ మరవలేదు.

"ఆ ఊరి పేరేటి పెదనాన్నా?" అని తమ్ముడి కూతురు మౌనిక అడిగింది.

హరిబాబు తల గోక్కున్నాడు. "అడగలేదమ్మా."

చూశారా! అంత గొప్ప బస్సు దిగితే ఇదే నష్టం. చూసింది ఒక్క ఊరు, దానికి పేరు కూడా లేదు!