డిపాజిట్టులో పడ్డ సైకిలు

అమలాపురం దగ్గరి గన్నవరంలో పేపరు బుల్లిరాజుకి వచ్చిన ఇంగ్లీషు మాటలు పదకొండు. దేశానికి తొలి ఎన్నికలు వచ్చిన ఏడు పన్నెండోది నేర్చుకున్నాడు. అదే కొంప ముంచింది.

"డిపాజిట్టు!" అన్నాడు భార్య రత్నమాలతో, నోట్లో పూతరేకు వేసుకున్నంత ఇష్టంగా.

"అంటే ఏంటండీ?"

"పెట్టిన డబ్బు పెట్టినట్టే తిరిగొస్తుంది. ఖర్చు కాదన్నమాట."

"ఎంత పెట్టాలేంటి?"

"రెండొందల యాభై. ఎలక్షన్లో నిలబడుతున్నానే."

రత్నమాల చేతిలో చేట ఆగింది. ఇంట్లో ఉన్న రెండొందల యాభై ఆమెదే. పుట్టింటివారు పసుపుకుంకుమ కింద ఇచ్చిన కొబ్బరితోటలో, దింపు దింపుకీ కాయలమ్మి మూడేళ్ళుగా కూడబెట్టింది. కుట్టుమిషను కొనుక్కోవాలని ఆమె కోరిక.

బుల్లిరాజు ఎత్తు వేరే ఉంది. తను నామినేషను వేస్తే ఓట్లు చీలతాయని పెద్ద అభ్యర్థులు హడలిపోతారు. ఇంటికొచ్చి, గడ్డం పట్టుకుని, చేతిలో వెయ్యి పెడతారు. తను తప్పుకుంటాడు. తప్పుకున్నవాడి డిపాజిట్టు ఎలాగూ వెనక్కొస్తుంది. ఈ మొత్తానికి ఆయన పెట్టుకున్న పేరు దేశసేవ.

"ఇస్తానండి," అంది రత్నమాల. "అది తిరిగి రాకపోతే నా గతేంటి? మీరూ నా దగ్గర డిపాజిట్టు పెట్టండి."

"నేనేం పెట్టనే?"

"సైకిలు."

ఆ సైకిలుకి బుల్లిరాజు చేసిన సేవలో పావలా వంతు కన్నతల్లికి చేసి ఉంటే ఆవిడ ఈపాటికి కాశీ చూసి వచ్చేది. అయినా వెయ్యి రూపాయలు కళ్ళముందు ఆడుతుంటే, "డిపాజిట్టు తిరిగి వచ్చువరకు సైకిలు తాళము రత్నమాల వద్ద ఉండును" అని రాసి, కింద వంకర్లు తిప్పి సంతకం పెట్టాడు.

నామినేషను పడింది. ప్రత్యర్థుల్ని బెదరగొట్టడానికి నాలుగు గజాల గుడ్డ మీద "మీ సేవకుడు బుల్లిరాజు" అని రాయించి వీధరుగు మీద కట్టాడు.

తప్పుకోవడానికి ఆఖరి రోజు వచ్చింది. అరుగు మీద కుర్చీలు వేయించి, తాంబూలాలు పెట్టించి, పొద్దున్నుంచీ వీధి వైపే చూస్తూ కూర్చున్నాడు. వచ్చినవాడు ఒక్కడే. నిన్నటి పేపరు అడిగి పట్టుకుపోయాడు.

ఒంటిగంటన్నరకి కుర్చీలోంచి లేచాడు. మూడింటిలోగా అమలాపురం ఆఫీసులో కాగితం ఇవ్వకపోతే ఇక తప్పుకోవడం కుదరదు. బస్సు వెళ్ళిపోయింది.

"ఏమే, సైకిలు తాళం!"

"డిపాజిట్టు వచ్చిందాండీ?"

"దాని కోసమే వెళుతున్నానే!"

"ఆయ్, వచ్చేక పుచ్చుకోండి. సంతకం మీదే కదండీ."

అసలు సంగతి చెబితే తాళం వచ్చేదే. చెబితే పరువు పోతుంది. బుల్లిరాజు పరువు కోసం పది మైళ్ళు పరిగెత్తాడు. వెళ్ళేసరికి బంట్రోతు ఆఫీసుకి తాళం వేస్తున్నాడు.

ఎన్నికల్లో ఆయనకి ముప్ఫై ఏడు ఓట్లొచ్చాయి. పోలైన ఓట్లలో ఆరోవంతు దాటకపోతే డిపాజిట్టు సర్కారుదేనని, కట్టినప్పుడిచ్చిన రసీదులో చిన్నక్షరాలున్నాయి. పేపరు బుల్లిరాజు పేపర్లో అయినా పెద్దక్షరాలే చదువుతాడు.

"అయితే సైకిలమ్మి మిషను కొంటానండి," అంది రత్నమాల.

"కుదరదు! ఇది ప్రజాస్వామ్యం. ఇంట్లో ఓట్లు పెట్టు!"

ఇంట్లో ఆరుగురు: ఆయన, రత్నమాల, తల్లి, మేనత్త, ఇద్దరు కూతుళ్ళు. సైకిలుకో కొబ్బరిచిప్ప, మిషనుకో కొబ్బరిచిప్ప పెట్టారు. తలా ఒక చింతగింజ. సొంత తల్లి, పెంచిన మేనత్త, కన్నకూతుళ్ళు తన వైపేనని బుల్లిరాజు ధీమా. వాళ్ళందరూ రవికలు తొడుక్కునే మనుషులన్న సంగతి ఆయనకి తట్టలేదు.

మిషను చిప్పలో ఐదు. సైకిలు చిప్పలో ఒకటి.

"అమ్మా, నువ్వు కూడానా?"

"నువ్వెప్పుడైనా ఆ సైకిలు మీద నన్ను కూర్చోబెట్టేవుట్రా?" అంది తల్లి.

బుల్లిరాజు ఆఖరి ఆయుధం తీశాడు. "ఆరింట ఒకటి! ఆరోవంతు వచ్చింది కదే! నా డిపాజిట్టు నాకిచ్చెయ్!"

రత్నమాల డిపాజిట్టు రసీదు తెచ్చి చిన్నక్షరాల మీద వేలు పెట్టింది.

"వస్తే చాలదండి. దాటాలిట."

మిషను ఇంటికొచ్చింది. దాని మీద రత్నమాల మొదట కుట్టింది రవిక కాదు. అరుగు మీది నాలుగు గజాల గుడ్డ వృథా అవుతోందని దాంతో పెద్ద కూరల సంచి కుట్టింది. ఇప్పుడు సంత రోజున బుల్లిరాజు వంకాయలూ కందా నింపుకుని నడిచి వస్తుంటాడు. సంచి మీద "మీ సేవకుడు" అన్న అక్షరాలు వీధి చివరికి కూడా కనిపిస్తాయి. అవి పెద్దక్షరాలే.