ప్లంబర్ అడుగుపెట్టని ఇల్లు

నవ్వండి, నవ్వండి. ముందు క్యారేజీల మూతలు తీసుకుని, తింటూ నవ్వండి. లంచ్ టైము అరగంటే. నిన్న సోమవారం ఎందుకు సెలవు పెట్టావని పొద్దుటి నుంచి నలుగురూ నా ప్రాణం తోడేస్తున్నారు కాబట్టి చెబుతున్నాను. క్యాషియర్ గారూ, మీరు కాస్త ఇటు జరగండి. ఇది మీరు దగ్గరుండి వినాలి.

మొన్న శుక్రవారం ఇదే బల్ల దగ్గర నేనేమన్నాను? "పెళ్ళయి పదకొండేళ్ళు. మా ఇంట్లో ఇంతవరకు ప్లంబర్ అనేవాడు అడుగుపెట్టలేదు" అన్నాను. అన్నానా లేదా? క్యాషియర్ గారేమో వాళ్ళింటి షవరు ఎప్పుడు మొరాయించినా తానే విప్పి బిగిస్తానని మీసం మెలేశారు. స్టోర్స్ ఆయన వాళ్ళ సింకు గురించి ఇరవై నిమిషాలు చెప్పారు. ఈ బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళందరం వీరులమే, ఒప్పుకుంటాను.

ఆ మాటన్న పాపానికి సాయంత్రం ఇంటికెళ్ళేసరికి బాత్రూములో ఫ్లష్ ట్యాంకు సుయ్‌మంటోంది. నొక్కినా కారుతుంది, నొక్కకపోయినా కారుతుంది. ట్యాంకు నిండదు, నీళ్ళు ఆగవు, ఆ చప్పుడు ఇంట్లో ఏ మూల కూర్చున్నా చెవిలోనే.

"ఏమండీ, ఆ ట్యాంకు ఆగడం లేదు" అంది మా ఆవిడ.

"నేనుండగా నీకెందుకే దిగులు?"

"మీరున్నారనేనండీ దిగులు."

ఇలాంటి మాటలు నేను పట్టించుకోను. ఎందుకంటే నా చరిత్ర నాకు తెలుసు. వంటింటి కొళాయి బాగుచేసింది నేను. వాష్‌బేసిన్ కింద పైపు మార్చింది నేను. అయితే ఒక్కటి. ప్రతిసారీ ఆదివారం సాయంత్రం నేను పని ముగించేసరికి కొంచెం, అంటే మరీ ఎక్కువ కాదు, కిందో బకెట్టు పెట్టుకుంటే సరిపోయేంత కారుతూ ఉండేది. "కొత్త వాషరు కదా, సర్దుకోవడానికి ఒక రోజు పడుతుంది" అనేవాణ్ణి. సోమవారం ఆఫీసు నుంచి వచ్చేసరికి చుక్క కారేది కాదు. సర్దుకునేది! వాషరు దానంతటదే సర్దుకుంటుందన్న రహస్యం కనిపెట్టింది నేనేనని పదకొండేళ్ళుగా నా నమ్మకం. మీకు కూడా చెప్పాను. స్టోర్స్ ఆయన డైరీలో రాసుకున్నారు కూడా.

శనివారం పొద్దున్నే ట్యాంకు మూత ఎత్తాను. లోపల ఒక కడ్డీ, దాని చివర తేలే బంతి. నీళ్ళు పెరిగితే బంతి లేస్తుంది, బంతి లేస్తే నీళ్ళు ఆగుతాయి. ఇంతే కదా అనుకున్నాను. బంతి సరిగ్గా లేవడం లేదు కాబట్టి తప్పు బంతిదే. కడ్డీని పట్టుకుని పైకి వంచాను. సుయ్‌మన్నది కాస్తా బుస్సుమంది. కిందికి వంచాను. ఈల వేసింది.

"ఇప్పుడు పాట కూడా పాడుతోందా?" అంది ఆవిడ గుమ్మంలోంచి.

"పని జరిగేటప్పుడు చప్పుళ్ళు వస్తాయి."

"పని మీరు చేస్తున్నారా, అది చేస్తోందా?"

ఆ మాటతో నాకు పంతం వచ్చేసింది. ఆదివారం పొద్దున్న కాఫీ తాగిన గ్లాసు పక్కన పెట్టి, పానా పట్టుకుని లోపలికి వెళ్ళాను. అడుగున ఉన్న రబ్బరు మూత ఒక్కటి వదిలేసి, ట్యాంకులో ఉన్న సామానంతా ఒక్కొక్కటే ఊడదీసి పేపరు మీద వరసగా పేర్చాను. ఏది ఎక్కడిదో మర్చిపోకుండా నంబర్లు కూడా రాశాను. తడి పేపరు మీద రాశానని తర్వాత తెలిసింది.

మధ్యాహ్నం రెండింటికి అన్నీ మళ్ళీ బిగించాను. ఒకటి మిగిలింది.

"ఇదేంటండీ?" అంది మా ఆవిడ, గుండ్రంగా ఉన్న ఆ ముక్కని చిటికెన వేలికి తగిలించుకుని.

"అదా? కంపెనీవాళ్ళు ఒకటి అదనంగా పెడతారు."

"ఎక్కడ, ట్యాంకు లోపలా?"

జవాబు చెప్పేలోపు ట్యాంకు కింద నుంచి కూడా నీళ్ళు మొదలయ్యాయి. కింద చిన్న కొళాయి ఉంటుంది కదా, దాన్ని కడితే ట్యాంకులోకి నీళ్ళు రావు. కంగారుగా దాన్ని తిప్పాను. పిడి ఊడి నా చేతిలోకి వచ్చింది, నీళ్ళు మాత్రం ఆగలేదు. బాత్రూము నిండి, గడప దాటి, పడకగదిలోకి వచ్చి నా ఆఫీసు బూట్లని పలకరించాయి. ఇద్దరం దుప్పట్లు, తువ్వాళ్ళు, దొరికిన గుడ్డల్లా అడ్డం వేశాం. చివరికి ఆవిడే వెళ్ళి బాల్కనీలో ఉన్న మెయిన్ వాల్వు కట్టేసింది. ట్యాంకు నోరు మూసుకుంది. దాంతోపాటు ఇంట్లో ఉన్న కొళాయిలన్నీ నోరు మూసుకున్నాయి.

"చూశావా, చప్పుడు ఆగింది" అన్నాను.

ఆవిడ తడి చీర కొంగు పిండుకుంటూ అలా చూసింది. తిట్టినా బాగుండేది.

అప్పుడే నిర్ణయించుకున్నాను. సోమవారం సెలవు పెట్టైనా సరే, ఆ ట్యాంకు సంగతి తేల్చాలి. ఇది ట్యాంకు గొడవ కాదు, నా పరువు గొడవ. శుక్రవారం మీ అందరి ముందు అంత మాట అన్నాక మంగళవారం ఏ మొహం పెట్టుకుని వస్తాను? అంతకంటే ముఖ్యం, పదకొండేళ్ళుగా ఈవిడ కళ్ళల్లో నేను నిలబెట్టుకున్న పేరు. ఆవిడ దగ్గర నాకున్న ఘనత అదొక్కటే. వంట రాదు, బేరం రాదు, డ్రైవింగు సరేసరి.

సోమవారం ఎనిమిదిన్నరకి పానా పట్టుకుని నిలబడ్డాను. ఆవిడ కంగారుపడిపోయింది.

"మీరు ఆఫీసుకెళ్ళండి."

"వెళ్ళను. సెలవు చెప్పేశాను."

"అయ్యో, అదేంటి! నాకొక మాట చెప్పొద్దూ? అక్కడ మీరు లేకపోతే ఎలా?"

"ఎప్పుడూ లేనిది ఇవాళ నా ఆఫీసు మీద ప్రేమేంటి?"

"అది కాదండీ. మీరే అంటారుగా, ఒక రోజు వదిలేస్తే సర్దుకుంటుందని. మీరు వెళ్ళండి, అది సర్దుకుంటుంది."

"ఈసారి నా కళ్ళముందే సర్దుకోవాలి" అన్నాను. అలా అన్నప్పుడు నా గొంతు నాకే గంభీరంగా వినిపించింది.

ఆవిడ గడియారం వైపు చూసింది. ఫోను పట్టుకుని బాల్కనీలోకి వెళ్ళింది, వచ్చింది. అవతలివాళ్ళు ఎత్తలేదనుకుంటా, మళ్ళీ వెళ్ళింది. తొమ్మిదీ అయిదుకి "పాలు తెచ్చుకొస్తాను" అని చెప్పులేసుకుంది. ఫ్రిజ్‌లో రెండు ప్యాకెట్లున్నాయి. అయినా మనకి అంత ఆలోచన ఎక్కడిది? మెయిన్ వాల్వు తెరిచి మళ్ళీ ట్యాంకులో తల పెట్టాను. ఆవిడ మెట్లు దిగి వెళ్ళింది. వచ్చేవాడు లిఫ్టులో వచ్చాడు.

సరిగ్గా తొమ్మిదీ పావుకి బెల్లు మోగింది. తలుపు తీశాను. బనీను, మోకాళ్ళ దాకా మడిచిన ప్యాంటు, నెత్తిమీద తువ్వాలు, చేతిలో పానా, ఒళ్ళంతా నీళ్ళు. అదీ నా అవతారం. ఎదురుగా భుజానికి సంచీ తగిలించుకుని ఒక పెద్దమనిషి. నన్ను కింద నుంచి పైదాకా చూశాడు. మొహం మాడిపోయింది.

"ఎవరయ్యా నువ్వు? నిన్నెవరు పిలిచారు?" అన్నాడు.

"నువ్వెవరు?"

"ప్లంబర్ని. పదకొండేళ్ళుగా ఈ ఇంటి పనంతా నాదే. మధ్యలో నువ్వు దూరడమేంటి? మన పనిలో ఒక పద్ధతుండక్కర్లా?"

అతను లోపలికి తొంగిచూసి బాత్రూము ముందున్న మడుగు చూశాడు. వెంటనే కోపం పోయి జాలి వచ్చేసింది.

"పోనీలే, నీ తప్పేం లేదు. ఇది ఈ ఇంటాయన చేతి పని అయ్యుంటుంది. మహానుభావుడు! చేతులు ఊరుకోవు. నేను చేస్తే పావుగంట పని, ఆయన చెయ్యి పెట్టాక చేస్తే రెండు గంటలు. ఆదివారం ఆయన విప్పుతాడు, ఆ రాత్రే అమ్మగారు కబురు పెడతారు, సోమవారం ఆయన ఆఫీసుకెళ్ళగానే నేనొస్తాను. ఇంతవరకు ఆయన్ని ఎదురుగా చూళ్ళేదుగానీ, బిగించిన నట్టు చూసి మనిషిని చెప్పేస్తా. అన్నీ ఎడమచేతి వాటం."

నా ఎడమచేతిలో ఉన్న పానా మెల్లిగా వెనక్కి దాచుకున్నాను.

అతను చూడనే చూశాడు. పానా వంక చూశాడు, నా మొహం వంక చూశాడు, గోడ మీద మా పెళ్ళి ఫోటో వంక చూశాడు.

"సార్..." అన్నాడు.

"ఆ" అన్నాను.

పాపం, అతను తేరుకుని "ట్యాంకు చూస్తాను సార్" అని లోపలికి వెళ్ళాడు. మూత పక్కన పెట్టి, మోచేతి దాకా చెయ్యి ముంచాడు. ఆ మిగిలిన ముక్క అడిగి తీసుకుని పెట్టాల్సిన చోట పెట్టాడు. తర్వాత అడుగున ఏదో పట్టుకుని లాగాడు.

"చూశారా సార్? ఈ గొలుసు రబ్బరు మూత కింద ఇరుక్కుంది. మూత పూర్తిగా పడక నీళ్ళు కింద నుంచి పోతున్నాయి. అంతే. పైన ఆ బంతి ఏ పాపం ఎరగదు."

రెండ్రోజులు నేను తిట్టిన తిట్లన్నీ తిన్న బంతి వైపు చూశాను. వంగిపోయి ఉంది, పాపం.

అంతలో అతని సంచీలో ఫోను మోగింది. "చేతులు తడి సార్, కాస్త ఎత్తి స్పీకర్లో పెట్టండి" అన్నాడు. తీశాను. స్క్రీను మీద పేరు చదివాను. ఆ పేరేంటో చివర్లో చెబుతాను. క్యాషియర్ గారూ, తినడం ఆపేశారేం? తినండి.

ఫోనులోంచి ఒకావిడ గుసగుసగా అంది: "బాబూ, మా ఆయన వెళ్ళిపోయారు. ఇక రావచ్చు. నిన్న మళ్ళీ అంతా ఊడదీసి పెట్టారు."

ఆ గొంతు నాకు తెలుసు. మొన్న వాళ్ళ గృహప్రవేశంలో రెండోసారి వడ్డించిన గొంతు. ఉండబట్టలేక "నమస్కారం చెల్లెమ్మా" అన్నాను. "అయ్యో, అన్నయ్యగారూ! మీరా!" అని ఫోను పెట్టేసింది.

అప్పుడొచ్చింది మా ఆవిడ, మెట్లెక్కి రొప్పుతూ, చేతిలో పాల ప్యాకెట్టు కూడా లేకుండా. నన్ను చూసింది, ప్లంబర్ని చూసింది, గుమ్మంలోనే కూర్చుండిపోయింది.

"పదకొండేళ్ళు నన్ను మోసం చేశావు" అన్నాను.

"మోసమేంటండీ? మీరు బాగుచేశారు. ఇతను సర్దాడు."

"ఒక్కసారైనా చెప్పొచ్చుగా? నలుగురిలో గొప్పలు చెప్పుకుని తిరుగుతున్నానే!"

ఆవిడ తల వంచుకుంది. "మొదటిసారే చెబుదామనుకున్నానండీ. కొత్త కాపురం. ఆ సోమవారం మీరు ఆఫీసు నుంచొచ్చి, బూట్లయినా విప్పకుండా వంటింట్లోకెళ్ళి కొళాయి తిప్పి చూసుకున్నారు. చుక్క కారలేదు. అప్పుడు నావైపు తిరిగి నవ్వారు చూడండీ, ఆ నవ్వు చూశాక నాకు చెప్పబుద్ధి కాలేదు. తర్వాత ప్రతిసారీ అదే నవ్వు."

నిజం చెప్పొద్దూ, నాకు కళ్ళు చెమర్చాయి. ప్లంబర్ కూడా ట్యాంకు వైపు తిరిగి ముక్కు ఎగబీల్చాడు.

"పైగా" అంది ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ, "ఆదివారం మీరు బాత్రూములో ఉంటేనే నాకు వంటింట్లో ప్రశాంతంగా ఉంటుంది. ఖాళీగా ఉంటే వచ్చి నా డబ్బాలన్నీ పొడుగు ప్రకారం సర్దేస్తారు. వారం రోజులు నాకు ఉప్పు దొరకదు."

చెమర్చిన కళ్ళు అక్కడికక్కడే ఆరిపోయాయి.

ఊడిన పిడి కూడా బిగించి అతను వెళ్ళిపోయాక ట్యాంకు నిండింది, ఆగింది. ఇల్లంతా నిశ్శబ్దం. ఆవిడ నాచేత ఒట్టు వేయించుకుంది, ఈ సంగతిలో ఆడవాళ్ళ పేరు ఒక్కటి కూడా ఆఫీసులో ఎత్తకూడదని. ఒట్టంటే ఒట్టే, చస్తే ఎత్తను. స్క్రీను మీద ఉన్నది కూడా ఆ ఫోను చేసినావిడ పేరు కాదు. "క్యాషియర్ గారి ఇల్లు, షవరు" అని ఉంది.

అదిగో, పొలమారింది. నీళ్ళివ్వండయ్యా ఆయనకి. స్టోర్స్ ఆయనా, మీరంతగా నవ్వకండి. ఆవిడ ఫోను పెట్టేశాక కనబడిన లిస్టులో దాని కింద మీ సింకు కూడా ఉంది.

ఏడవకండి, నేను పాతికసార్లు ఏడ్చి వచ్చాను. ఇంట్లో ఏమీ అడక్కండి, పాపం మన నవ్వు కోసం చేసిన పని. ఇవాళ పొద్దున్న క్యారేజీ చేతికిస్తూ మా ఆవిడ అంది, "ఏమండీ, వాష్‌బేసిన్ కొళాయి కొంచెం వదులైనట్టుంది, ఆదివారం చూస్తారా?" అని. పానా కూడా తుడిచి బల్ల మీద పెట్టింది. చూస్తానన్నాను. చూడకపోతే ఎలా? మనం పట్టినపట్టు వదిలే రకం కాదు కదా.

సోమవారం మాత్రం సెలవు పెట్టను. తొమ్మిదింటికల్లా ఇల్లు వదిలేస్తాను.